ఆదివారం.. అందరి చేతివంట!

శనివారం రాత్రి నానబోసిన పప్పుతో మొదలై, ఆదివారం సాయంత్రం డబ్బాకెత్తిన చెక్కలతో ముగిసే పండగ అది. క్యాలెండర్లో ఎర్రరంగు తప్ప దానికి వేరే ముహూర్తం అక్కర్లేదు. కాకపోతే.. ఆ పండగ పని ఒక్కరిదీ, తిండి అందరిదీ కాకూడదు!

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ఏ వీధిలో నడిచినా చాలు.. ఎవరింట్లో ఏం వండుతున్నారో వాసనే గోడ దాటి వచ్చి చెబుతుంది. ఒక కిటికీలోంచి పెసరట్టు మీద చల్లిన అల్లం, జీలకర్ర. పక్కింట్లోంచి కొబ్బరి పచ్చడికి పెట్టిన ఇంగువ తాలింపు. మేడమీద వాటాలో మసాలాకు వేగుతున్న ధనియాలు. వీధి చివర చికెన్‌ కొట్టు ముందు చేతిలో సంచీలతో బారులు తీరిన మగవాళ్లు.

మిగతా ఆరు రోజులూ ఫ్రిజ్‌లోని పిండితో రెండు దోసెలు పోసుకునో, రెండు బ్రెడ్డు ముక్కలు నోట్లో వేసుకునో బస్సు వెనక పరుగెత్తే ఇళ్లే ఇవన్నీ. ఆ ఒక్క రోజు మాత్రం ఎవరికీ తొందర ఉండదు. పొయ్యికి కూడా!

ఫోన్లో నాలుగు నొక్కులు నొక్కితే అరగంటలో బిర్యానీ గుమ్మం ముందుకొచ్చే రోజులివి. జంతికలు కావాలంటే వీధికో మిఠాయి కొట్టు, పేటకో స్వగృహ దుకాణం. అయినా సరే, వారానికొక్కసారైనా ఇంట్లో మూకుడు పెట్టాలనిపిస్తుంది చాలామందికి. ఎందుకంటే కొట్టులో దొరికేది జంతికే. అమ్మమ్మ చేసిన జంతిక మాత్రం అక్కడ దొరకదు. అది ఆవిడ చేతిలోంచి మరో చేతిలోకి వెళ్లాల్సిందే. అలా వెళ్లడానికి ఈ రోజుల్లో మిగిలిన తీరిక.. ఆదివారం ఒక్కటే.

రాత్రే శ్రీకారం

ఆదివారం టిఫిను శనివారం రాత్రి భోజనాలయ్యాక మొదలవుతుంది. పెసలు కడిగి నీళ్లు పోసి పెడితే పొద్దున్న రుబ్బుకోవడమే. పెసరట్టు పిండి పులియక్కర్లేదు. పులిస్తే రుచి మారిపోతుంది కూడా. ఇడ్లీ పిండి అలా కాదు. ఒక వంతు మినప్పప్పుకు రెండు వంతుల రవ్వ కలిపి వదిలేస్తే ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో పొంగుతుంది. పప్పును అంటిపెట్టుకుని ఉండే లాక్టిక్‌ ఆమ్ల బ్యాక్టీరియా రాత్రంతా పనిచేసి పిండిలో వాయువు పుట్టిస్తుంది. మినప్పప్పు జిగురు ఆ బుడగల్ని జారిపోనివ్వకుండా పట్టుకుంటుంది. ఇడ్లీ మెత్తదనం రహస్యం అదే. వేసవిలో ఇట్టే పొంగే పిండి చలికాలంలో మొరాయిస్తుంది. అమెరికా చలిలో ఉండే తెలుగువాళ్లు దానికో ఉపాయం కనిపెట్టారు. ఓవెన్‌ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి పిండిగిన్నె అందులో పెడతారు. ఆ దీపం వెచ్చదనం చాలు, తెల్లారేసరికి పిండి గిన్నె అంచుకొచ్చేస్తుంది.

తీరిక ఉన్నరోజే చేయగలిగేవి కొన్నున్నాయి. గోదావరి, కృష్ణా జిల్లాల వైపు దిబ్బరొట్టె అలాంటిదే. ఇడ్లీ పిండికన్నా గట్టిగా రుబ్బిన పిండిని నూనె వేసిన మందపాటి గిన్నెలో రెండంగుళాల ఎత్తున పోసి, మూతపెట్టి సన్నటి సెగమీద వదిలేయాలి. పైన కూడా నిప్పులు పెట్టి కాల్చేవారు ఒకప్పుడు. మంట పెంచితే అడుగు మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఓపిక పడితే పైన కరకర, లోపల మెత్తన. అల్లప్పచ్చడితో ఒక ముక్క, చెరుకు పానకంతో ఇంకో ముక్క.. ఇక మధ్యాహ్నం దాకా ఆకలి మాటే ఉండదు!

తెలంగాణలో ఆ స్థానం సర్వపిండిది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, ఉల్లికాడలు, కారం కలిపి గిన్నె లోపలి గోడలకే వత్తేస్తారు. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి నూనె చుక్కలు వేస్తే చిల్లు చుట్టూ ఎర్రగా కాలుతుంది. గిన్నెలో కాలుతుంది కాబట్టి గిన్నప్ప అన్న పేరూ ఉంది. రాయలసీమలోనైతే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నానబెట్టి పిండిన బొరుగులకు తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. పక్కన బజ్జీ లేకపోతే మాత్రం అది సగం టిఫినే!

మధ్యాహ్నం సంగతి చెప్పేదేముంది. సీమలో రాగి సంగటి, నాటుకోడి పులుసు. తెలంగాణలో జొన్నరొట్టె, మాంసం కూర. కోస్తాలో చేపల పులుసు. పులుసు ప్రియులు ఇంకాస్త ముందుచూపు గలవాళ్లు. శనివారం రాత్రే వండి, ఆదివారం తింటారు. చింతపండు పులుపు ముక్కలోకి దిగడానికి ఆ పూట వ్యవధి కావాలి మరి. నీచు ముట్టని ఇళ్లలో గుత్తివంకాయ, ముక్కల పులుసు, ఆవపెట్టిన పనసపొట్టు. పేర్లు వేరైనా అన్నిటికీ కావాల్సింది ఒకటే.. తీరిక!

ఒక్కచేతి పని కాదు

అసలు ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలయ్యే ఘట్టం వేరే ఉంది. అదే పిండివంట. ఇక్కడే చాలా ఇళ్లలో ఒక చిక్కొచ్చి పడుతోంది. 'అన్నీ నేనొక్కదాన్నే చేయలేను' అన్న మాట వినిపించని వంటిల్లు అరుదు. ఆ మాటలో బద్ధకం లేదు. నిజముంది. ఎందుకంటే మన పిండివంటలేవీ ఒక్కరు చేయడానికి పుట్టినవి కావు.

అరిసెల్నే చూడండి. ఒకరు పాకంపిండి ఉండలు చేసి ఆకుమీద తట్టాలి. ఒకరు మూకుడు దగ్గర కూర్చుని వేయించాలి. ఇంకొకరు నూనెలోంచి తీసిన అరిసెను వేడివేడిగా ఉండగానే రెండు చెక్కల మధ్య పెట్టి నూనె వత్తేయాలి. ఆరిపోయాక వత్తితే నూనె రాదు, అరిసె విరుగుతుంది. అంటే ఒకే క్షణంలో ముగ్గురికి పని!

తెలంగాణలో సంక్రాంతికి చేసే సకినాలూ అంతే. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, శుభ్రమైన బట్ట పరిచి, వేళ్ల మధ్య మెలితిప్పుతూ చుట్టలు చుట్టలుగా పోస్తారు. పది శేర్ల పిండి ఒక్కరు పోయాలంటే నడుం పడిపోతుంది. అందుకే ఇవాళ ఈ ఇంటికి, రేపు ఆ ఇంటికి వాడకట్టంతా కదిలేది. ఆవకాయ కలిపే రోజున కోస్తా ఇళ్లలోనూ అదే సందడి. కాయలు కొట్టేది ఒకరు, జీడి తీసేది ఒకరు, తుడిచేది ఇంకొకరు, కలిపేది పెద్దావిడ.

ఉమ్మడి కుటుంబాలు పోయాయి. పెరటి గోడలు పోయాయి. అపార్టుమెంటు తలుపులు మూసుకున్నాయి. వంట మాత్రం అలాగే ఉండిపోయింది. ముగ్గురు నలుగురు చేసే పని ఒక్క మనిషి నెత్తిన పడింది. అలా పడ్డాక ఆ మనిషి విసిగిపోయి కొట్టుకు వెళితే తప్పెవరిది?

'కొంచెం' అంటే ఎంత?

ఇంకో చిక్కు.. కొలత. ఉద్యోగానికి వేరే ఊరెళ్లిన కూతురు ఫోన్‌ చేసి, 'చెక్కల్లో వెన్న ఎంతమ్మా' అంటుంది. 'కొంచెం' అంటుంది తల్లి. 'కొంచెమంటే?' 'పిండి ముద్ద పట్టేంత'. 'నీళ్లు?' 'చూసుకుని పొయ్యాలి'. అక్కడితో ఆ సంభాషణ ముగుస్తుంది. చెక్కలు గట్టిగా వస్తాయి!

నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ.. ఇలా లెక్క ఉండేది పాతకాలంలో. ఆ పాత్రలు అటకెక్కాయి. మిగిలింది పెద్దవాళ్ల గుప్పెడు, చిటికెడు. మాలతీ చందూర్‌ 'వంటలు - పిండివంటలు' లాంటి పుస్తకాలు ఎన్నో కొత్త కాపురాలకు దారి చూపించాయి. అయితే ఏ పుస్తకంలోనూ మన ఇంటి గుప్పెడు ఉండదు కదా.

దానికో చిన్న ఉపాయముంది. అమ్మమ్మనో, నాయనమ్మనో 'కొలిచి చెప్పు' అని అడగొద్దు. అడిగితే ఆవిడా తడబడుతుంది. పిండి డబ్బా, వెన్నగిన్నె, ఉప్పుడబ్బా ముందుగా తూకం వేసి పెట్టుకోండి. ఆవిణ్ని ఆవిడ పద్ధతిలోనే చేయనివ్వండి. అంతా అయ్యాక మళ్లీ తూచండి. తగ్గినదెంతో అదే ఆవిడ 'కొంచెం'! ఆ అంకెల్ని ఓ నోటు పుస్తకంలో రాసుకుంటే మీ ఇంటి రుచి మీ పిల్లల దాకా చేరుతుంది. ఫోన్లో వీడియో తీసినా మంచిదే. కానీ కెమెరా ఆవిడ మొహం మీద కన్నా చేతుల మీద ఎక్కువసేపు ఉండాలి.

కొన్ని మాత్రం తూకానికీ లొంగవు. పాకం అలాంటిది. అరిసెలకు బెల్లం ఉడుకుతుండగా ఒక చుక్క తీసి చన్నీళ్లలో వేస్తారు. నీళ్లలో కరిగిపోతే ఇంకా లేత. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టిందంటే వెంటనే దించేయాలి. టంగుమని మోగితే ముదిరినట్టే. థర్మామీటరు పెట్టి చూస్తే ఆ ఉండపాకం సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్‌ మధ్య వస్తుంది. నాలుగు డిగ్రీల తేడా! పాకం తగ్గితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. మించితే పంటికి తగిలే రాయి అవుతుంది. అంత సన్నటి గీతను ఏ పరికరమూ లేకుండా వేలికొసతో పట్టుకున్నారు మన పెద్దవాళ్లు. బియ్యం నానబెట్టి, తడి ఆరకముందే పిండి కొట్టించి, ఆ పిండి ఎండిపోకుండా అదిమి మూతపెట్టడం కూడా ఆ విద్యలో భాగమే. పొడిపిండితో అరిసె రాదు.

ఈ విద్య చెబితే రాదు. పక్కన నిల్చుని, ఆ చుక్కను ఒకసారి తన వేళ్లతో తాకితేనే వస్తుంది. పక్కన నిలబడేవాళ్లు లేకపోతే ఆ వేలికొసతోనే పోతుంది.

నూనె.. ఎన్నిసార్లు?

ఇంట్లో చేసుకోవడానికి రుచి కాక మరో కారణమూ ఉంది. మూకుట్లో ఏం కాగుతోందో మనకు తెలుస్తుంది. ఒకే నూనెను పదేపదే కాచితే అందులో 'పోలార్‌ కాంపౌండ్స్‌' అనే హానికర పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ నిబంధన పెట్టింది. 2018 జులై 1 నుంచి అది అమల్లో ఉంది. మూకుడు ముందు నిల్చున్న కొనుగోలుదారుకు ఆ శాతం కనిపించదు కదా!

అలాగని ఇంట్లో చేసిందల్లా అమృతమనుకోవద్దు. గారెలు వేయించిన నూనెను సీసాలో పోసి, వారం తర్వాత కొత్త నూనె కలిపి మళ్లీ మూకుట్లో పోసే అలవాటు ఎన్నో ఇళ్లలో ఉంది. అదీ అంతే చెరుపు. మూకుట్లో తక్కువ నూనె పోసి, రెండు మూడు వాయిలు ఎక్కువ వేయించుకోవడం మేలు. మిగిలిన నూనెను వడకట్టి ఒకట్రెండు రోజుల్లో కూరల్లో వాడేయాలి. నల్లబడినా, పొగలొచ్చినా, నురగ కట్టినా పారబోయడమే.

వారం వారం మూకుడే పెట్టాలనీ లేదు. ఎర్రగా వేయించిన మినప్పప్పును పొడికొట్టి, బెల్లం, కాచిన నెయ్యి కలిపితే సున్నుండలు. నువ్వులు వేయించి బెల్లంతో దంచితే చిమ్మిలి. వంద గ్రాముల నువ్వుల్లో వెయ్యి మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది. బడినుంచి రాగానే పిల్లల చేతిలో పెట్టడానికి చిప్స్‌ పొట్లం కన్నా ఒక చిమ్మిలి ఉండ నయం. రెండుండలైతే మాత్రం తీపి ఎక్కువే!

మరి ఆవిడకు సెలవెప్పుడు?

ఆదివారం సెలవు ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికులకు వారంలో ఒక్కరోజైనా విశ్రాంతి కావాలని నారాయణ్‌ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 1890 జూన్‌ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. అది జరిగి నూట ముప్ఫయ్యేళ్లు దాటింది. మిల్లుకు వచ్చిన సెలవు వంటింటికి మాత్రం ఇంకా రాలేదు!

2024లో జరిగిన జాతీయ టైమ్‌ యూజ్‌ సర్వే చెప్పేదీ అదే. ఇంటిపనులు చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికే వెచ్చిస్తున్నారు. అదే మగవాళ్లయితే 88 నిమిషాలు. 2019 సర్వేలో ఈ లెక్క 299, 97. అంటే ఆ అయిదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాల పని తగ్గింది. మగవాళ్లకూ తొమ్మిది నిమిషాలు తగ్గింది!

ఇక ఆదివారం వస్తే ఆ పని రెట్టింపు. పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం స్పెషల్‌, సాయంత్రం బజ్జీలు, రాత్రికి మళ్లీ అన్నం. మధ్యలో కొండలా పెరిగే గిన్నెలు. ఉద్యోగం చేసే ఇల్లాలికైతే వారం మొత్తంలో ఎక్కువ అలసట ఆదివారం రాత్రే. తిన్నవాళ్లంతా 'అబ్బ, ఎంత బావుందో' అంటారు. ఆవిడ తినేసరికి అట్టు చల్లారిపోయి ఉంటుంది.

తమాషా ఏమిటంటే వంట బాగుంటే మనం 'నలభీమపాకం' అంటాం. నలుడూ మగవాడే, భీముడూ మగవాడే! పెళ్లిళ్లలో వందలమందికి గాడిపొయ్యి మీద వండి పెట్టేదీ ఎక్కువగా మగవాళ్లే. నలుగురికి వండాల్సిన ఇంట్లో మాత్రం గరిటె ఎక్కడుందో తెలియదంటారు!

తలా ఒక చెయ్యి

కాబట్టి ఆదివారం వంటను పాతకాలంలోలా మళ్లీ నలుగురి పని చేయడమే మార్గం. ఉదాహరణకు చెక్కలు. నాలుగు గ్లాసుల బియ్యప్పిండి, అరగంటపాటు నానిన గుప్పెడు పెసరపప్పు, నాలుగు చెంచాల వెన్న, జీలకర్ర, కరివేపాకు, కారం, ఉప్పు. ఇంతే సరుకు. పనిని మాత్రం ఇలా పంచుకోవచ్చు.

కరివేపాకు దూయడం, పప్పు కడగడం ఆరేళ్ల పిల్లలు చేయగలరు. పిండిలో వెన్న బాగా పట్టేలా కలపడం బలమున్న చేతిది. పట్టిందో లేదో తెలియాలంటే పిడికిట్లో పిండి నొక్కి చూడాలి. ముద్దగా నిలిస్తే చాలు. అప్పుడు వేణ్నీళ్లు కొద్దికొద్దిగా పోసి కలపాలి. వెన్న పిండి రేణువులకు పూతలా పట్టడం వల్లే చెక్క గుల్లగా వస్తుంది. ఉండలు చేసి నూనె రాసిన కవరుమీద పల్చగా వత్తడం పిల్లలకు ఆటే. వంకరగా వచ్చినా ఫర్వాలేదు, రుచికి వంకర లేదు! పూరీలా పొంగకుండా ఫోర్కుతో నాలుగు గాట్లు పెట్టే పనీ వాళ్లకే ఇవ్వాలి. మూకుడు దగ్గర మాత్రం పెద్దవాళ్లే ఉండాలి. పిల్లలు ఆ దరిదాపుల్లోకి రాకూడదు. మంట మధ్యస్థంగా పెట్టి, బుడగలు తగ్గేదాకా ఆగాలి. తొందరపడి తీస్తే మర్నాటికి మెత్తబడతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి.

ఇంతకీ అసలు పని ఒకటి మిగిలింది. జిడ్డోడుతున్న మూకుడు, పిండి ఎండిన పళ్లెం, నూనె చిందిన గట్టు. వంటలో 'సాయం' చేశామనుకునే చాలామంది ఈ ఘట్టంలో మాయమైపోతారు. గిన్నెలు తోమి గట్టు తుడిచేదాకా ఉంటేనే వంట చేసినట్టు. వండినవాళ్లు తోమకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే చాలు, సగం గొడవ తీరిపోతుంది.

నెలలో ఒక ఆదివారం పొయ్యి వెలిగించకపోయినా కొంప మునగదు. ఆ రోజు పెరుగన్నం, ఆవకాయ చాలు. ఇంకో ఆదివారం ఏం వండాలో పిల్లలు చెప్పాలి, ఎలా వండాలో పెద్దావిడ చెప్పాలి, చేయాల్సింది మిగతావాళ్లు. ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుని, 'ఇంకా వేగాలి.. ఆ.. ఇప్పుడు తియ్యి' అంటే చాలు. ఎన్నేళ్లుగానో ఎవరూ అడగని విద్య అది. అడిగితే ఆ మొహంలో వెలుగు చూడండి.

సోమవారం పొద్దున్న మళ్లీ అదే పరుగు. క్యారియర్లు, బస్సులు, బడిగంటలు. కానీ అలమరలో ఓ డబ్బా నిండుగా ఉంటుంది. సాయంత్రం బడినుంచొచ్చిన పిల్లాడు మూత తీసి వంకర చెక్క ఒకటి ఏరుకుంటాడు. 'ఇది నేను వత్తిందే' అంటాడు, పక్కింటి స్నేహితుడికి సగం విరిచి ఇస్తూ. అమ్మమ్మ గుప్పెడు ఆ చిన్న చేతిలోకి చేరడం మొదలైనట్టే!